లాల్‌బాగ్ వన సందర్శనం

యంత్రాల హోరు, కొలిమి వేడిమి, షిఫ్టు సైరన్ల నడుమ జీవితంలో అధికభాగం గడిపే మాబోటి వారికి చెట్టునీడన ఒక పూట గడపడమే పండుగ. ఆ పూట వృత్తికి పనికివచ్చే పాఠం కూడా దొరికితే అది అదనపు లాభం. బెంగుళూరు నగరంలోని లాల్‌బాగ్ ఉద్యానవనంలో మాకు అటువంటి లాభమే సిద్ధించింది.

కర్మాగారంలోని వివిధ నిర్వహణ విభాగాలకు చెందిన మేము ఏడుగురం రెండు వారాల శిక్షణ నిమిత్తం బెంగుళూరు వెళ్ళాము. నడుమ వచ్చిన ఆదివారాన్ని లాల్‌బాగ్‌కు కేటాయించాము. మాలో యాంత్రిక, విద్యుత్, సివిల్ శాఖల వారున్నారు. ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్ళు పోతపనిలోనే తల నెరిసిన సహోద్యోగి ఒకరున్నారు. ఒకరి దృష్టి ఇనుప స్తంభాలపై నిలిస్తే, ఒకరిది నీటి పారుదలపై, మరొకరిది శిలపై, ఇంకొకరిది చెట్లపై నిలిచింది. ఆ చూపులన్నింటినీ ఒకచోట కూర్చి మన పత్రిక పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నగరం నడుమ 240 ఎకరాలు

బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. కోస్తా ఎండలకు అలవాటుపడిన మాకు అక్కడి ఉదయపు చల్లదనమే ఒక ఆతిథ్యం. 2017లో ప్రారంభమైన లాల్‌బాగ్ మెట్రో స్టేషనులో దిగి కొద్ది దూరం నడిచి, పడమటి ద్వారం గుండా లోపలికి ప్రవేశించాము. అప్పటికే నగరవాసులు వందల సంఖ్యలో వ్యాహ్యాళికి వచ్చి ఉన్నారు. కర్ర సాయంతో నడిచే వృద్ధులు, బూట్ల చప్పుడుతో పరుగెత్తే యువకులు, పిల్లల చేయి పట్టుకున్న తల్లులు, కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ కలగలిసిన సంభాషణలు. ద్వారం దాటి ఒక ఫర్లాంగు లోపలికి వెళ్ళేసరికి రహదారి రొద సన్నగిల్లింది. దాని స్థానంలో పక్షుల కలకలం వినవచ్చింది.

లాల్‌బాగ్ మొత్తం విస్తీర్ణం సుమారు 240 ఎకరాలు. ఈ ప్రాంగణంలో రెండు స్వభావాలు గల తోటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి గీత గీసి, తాడు పట్టి, కత్తెర వేసి తీర్చిదిద్దిన తోట: తిన్ననైన బాటలు, సమంగా కత్తిరించిన కంచెమొక్కలు, పచ్చిక బయళ్ళు, రంగుల వారీగా అమర్చిన పూలమడులు. రెండవది అడవిని తలపించే వనభాగం: ఆకాశాన్నంటే వృక్షాలు, వెదురు పొదలు, రాలిన ఆకుల మెత్తని పరుపు. వీటికి తోడు ఒక చెరువు, ఒక మహాశిల. మొదటిదానిలో మనిషి సంకల్పం, రెండవదానిలో ప్రకృతి స్వేచ్ఛ కనిపిస్తాయని పైకి తోస్తుంది. లోతుగా చూస్తే రెండింటి వెనుకా మనిషి శ్రమే ఉన్నదని మధ్యాహ్నానికి మాకు బోధపడింది.

హైదరాలీ నుండి నేటి వరకు

ఈ తోటకు 1760లో హైదరాలీ శ్రీకారం చుట్టాడు. సీరా పట్టణంలో మొఘలుల ప్రతినిధి నిర్మించిన తోటను చూసి ముచ్చటపడి, అదే పద్ధతిలో సుమారు 40 ఎకరాలలో దీనిని వేయించాడని చరిత్ర చెబుతున్నది. ఆయన కుమారుడు టిపూ సుల్తాను దూరదేశాల నుండి విత్తనాలను, మొక్కలను తెప్పించి తోటను పెంచాడు. 1799లో టిపూ మరణించిన మరుసటి సంవత్సరం ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండు దేశపు వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఈ తోటలను చూసి తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. నేలను చతురస్రాకారపు మడులుగా విభజించి, నడుమ బాటలు వేసి, బాటల అంచున సైప్రస్ చెట్లు నాటారట. ఒక్కొక్క మడిలో ఒక్కొక్క జాతి మొక్క: ఒకదాని నిండా గులాబీలు, మరొకదాని నిండా దానిమ్మలు. మోట, కపిలి వంటి సాధనాలే ఉన్న ఆ రోజులలో ఇన్ని మడులకు నిత్యం నీరు పెట్టడమంటే ఎంత ఎద్దు శ్రమ, ఎంత మనిషి శ్రమ అవసరమయ్యాయో పంపుహౌసులలో పనిచేసిన మా మిత్రులు వెంటనే ఊహించగలిగారు.

సుల్తానుల పాలన ముగిసిన తరువాత తోట కొంతకాలం పలు చేతులు మారింది. 1856లో డాక్టర్ హ్యూ క్లెగ్‌హార్న్ సలహాపై దీనిని ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా రూపొందించారు. లండనులోని క్యూ ఉద్యానంలో తర్ఫీదు పొందిన విలియం న్యూ 1858లో బాధ్యత స్వీకరించాడు. 1874 నుండి 1908 వరకు, అంటే ముప్ఫై నాలుగేళ్ళపాటు, జాన్ కామెరాన్ ఈ తోటను పాలించాడు. ఆయన పిమ్మట జర్మనీకి చెందిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్ బరోడా సంస్థానపు కొలువు నుండి ఇక్కడకు వచ్చి 1932 వరకు పనిచేశాడు. ఆ తరువాత హెచ్.సి. జవరాయ గారు, స్వాతంత్ర్యానంతరం డాక్టర్ ఎం.హెచ్. మరిగౌడ గారు ఆ స్థానాన్ని అలంకరించారు. తోట నేటి విస్తీర్ణానికి చేరడంలోను, కర్ణాటకలో ఉద్యాన శాఖ బలపడడంలోను మరిగౌడ గారి పాత్రను అక్కడివారు నేటికీ కృతజ్ఞతతో తలచుకుంటారు.

ఈ పేర్ల వరుసను మేము ఊరక పేర్కొనడం లేదు. సుల్తానుల రాజ్యం పోయింది, కంపెనీ పాలన పోయింది, మైసూరు సంస్థానం విలీనమైంది, గణతంత్రం వచ్చింది. ఇన్ని మార్పుల నడుమ తోట పని మాత్రం ఆగలేదు. మన ఉద్యోగ పరిభాషలో చెప్పాలంటే ప్రతి తరమూ తన పూర్వీకుల నుండి చార్జి సక్రమంగా తీసుకుని, తరువాతివారికి సక్రమంగా అప్పగించింది. క్రుంబీగెల్ తన దొరతనం చూపడానికి కామెరాన్ నాటిన చెట్లను పెకలించలేదు. కామెరాన్ హైదరాలీ తోటను చెరిపివేయలేదు. ఉన్నదానిని నిలుపుకుంటూ దానికి తమ వంతు చేర్చుకుంటూ పోయారు.

మన వంటింటికి చేరిన ఫలం

తోట అంటే కేవలం కంటికింపైన వస్తువని భావించేవారికి ఒక చిన్న ఉదాహరణ. మన ఇళ్ళలో పప్పులోను, కూటులోను వేసుకునే సీమ వంకాయను చాలామంది బెంగుళూరు వంకాయ అంటారు. నిజానికి అది వంకాయ కాదు, దాని పుట్టుక బెంగుళూరులోను కాదు. మెక్సికో ప్రాంతానికి చెందిన ఈ తీగకాయ కామెరాన్ కాలంలో లాల్‌బాగ్ ద్వారా ఈ ప్రాంతానికి వ్యాపించింది. ఊరి పేరు కాయకు అంటుకుని మన మార్కెట్లకు చేరింది. దేశదేశాల మొక్కలను తెచ్చి, ఈ నేలలో, ఈ గాలిలో అవి బతుకుతాయో లేదో పరీక్షించి, బతికినవాటి విత్తనాలను, అంట్లను రైతులకు అందించే ప్రయోగశాలగా లాల్‌బాగ్ పనిచేసింది. మన భాషలో దీనిని పైలట్ ప్లాంట్ అనవచ్చు. సీమ వంకాయ కూర తినే ప్రతి ఇల్లూ ఆ ప్రయోగ ఫలితాన్ని అనుభవిస్తున్నట్లే.

గాజు గృహం

లాల్‌బాగ్ అనగానే అందరికీ మనసులో మెదిలేది అక్కడి గాజు గృహం. 1889 నవంబరు 30న బ్రిటిష్ రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ దీనికి శంకుస్థాపన చేశాడు. లండనులో 1851 నాటి మహా ప్రదర్శన కోసం వెలసిన క్రిస్టల్ ప్యాలెస్ దీనికి ప్రేరణ. ఆ మహాసౌధాన్ని రూపొందించిన జోసెఫ్ పాక్స్‌టన్ వృత్తిరీత్యా తోటమాలి అన్న సంగతి ఇంజనీర్లమైన మేము వినయంతో గుర్తుంచుకోదగినది. విడిభాగాలను కర్మాగారంలో తయారుచేసి, స్థలంలో బిగించే పద్ధతిని అంతటి భారీ స్థాయిలో లోకానికి చూపినవాడు ఆయనే. ఆ క్రిస్టల్ ప్యాలెస్ 1936లో అగ్నికి ఆహుతైంది. దానిని చూసి కట్టిన లాల్‌బాగ్ గాజు గృహం నేటికీ నిలిచి ఉంది.

గాజు గృహపు ఇనుప భాగాలు స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో వాల్టర్ మాక్‌ఫర్లేన్ సంస్థవారి సారసెన్ ఫౌండ్రీలో పోతపోసుకుని, సముద్రం దాటి వచ్చాయి. మా ఫౌండ్రీ సహోద్యోగి ఒక స్తంభం వద్ద చాలాసేపు నిలిచిపోయారు. స్తంభంపై నగిషీని వేలితో తడుముతూ, "అచ్చు ఎక్కడ కలిసిందో గీత కూడా కనపడకుండా ఎంత శుభ్రంగా చేశారో చూడండి" అన్నారు. పోత ఇనుము నొక్కుడు బలాన్ని సమర్థంగా భరిస్తుంది. లాగుడు బలానికి మాత్రం పెళుసు. కనుకనే నిలువు స్తంభాలకు దానిని వాడడం ఆనాటి పద్ధతి. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా వానకు, ఎండకు ఓర్చి నిలిచిన ఇనుము ఊరక నిలవలేదు. తుప్పు గీకి, రంగు వేసి, పగిలిన పలకలను మార్చిన చేతులెన్నో దాని వెనుక ఉన్నాయి.

1935లో ఈ గృహాన్ని తూర్పు దిక్కుకు విస్తరించారు. ఆ విస్తరణకు కావలసిన ఇనుము గ్లాస్గో నుండి రాలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు తీర్చిదిద్దిన భద్రావతి కర్మాగారం నుండి వచ్చింది. నలభై ఐదేళ్ళలో ఈ దేశం దిగుమతి నుండి స్వావలంబన వరకు నడిచిన దూరాన్ని ఈ ఒక్క కట్టడంలోనే కొలుచుకోవచ్చు. ప్రభుత్వరంగంలో పనిచేసే మాకు అది గర్వకారణంగా తోచింది.

మరొక విశేషం. శీతల దేశాలలో గాజు గృహాన్ని లోపలి వేడి బయటకు పోకుండా ఉండేందుకు కడతారు. బెంగుళూరు వాతావరణానికి ఆ అవసరం లేదు. కనుక ఇక్కడ అది ప్రదర్శనశాలగా స్థిరపడింది. గణతంత్ర దినోత్సవానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి ఏటా రెండు పర్యాయాలు జరిగే పుష్ప ప్రదర్శనలకు లక్షలాది జనం వస్తారు. గాజు గృహంతోపాటు, హెచ్.ఎం.టి. సంస్థ 1983లో ఏర్పాటు చేసిన ఏడు మీటర్ల వ్యాసం గల పూల గడియారం కూడా సందర్శకులను ఆకర్షించేదే. ఆ సంస్థ చేతి గడియారాల తయారీని మూసివేయాలని 2016లో నిర్ణయం జరిగింది. మాలో ముగ్గురికి ఉద్యోగంలో చేరినప్పుడు తండ్రులు బహూకరించినది ఆ గడియారమే. పూల గడియారం ముందు వారు కాసేపు మౌనంగా నిలబడ్డారు.

వనభాగంలో

గాజు గృహం నుండి చెరువు దిక్కుగా సాగిన కొద్దీ గీతలు మాయమై నీడలు చిక్కబడతాయి. నిద్రగన్నేరు వృక్షాలు బాటకు ఇరువైపులా చేతులు చాచి గొడుగు పట్టినట్లు నిలిచి ఉన్నాయి. ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. సాయంకాలానికి ఆకులు ముడుచుకుంటుంది కనుక మనవారు ఆ పేరు పెట్టుకున్నారు. పూలు కొమ్మలకు కాక కాండానికే పూచే నాగమల్లి కూడా దక్షిణ అమెరికాదే. పూవులో పడగ, లింగం కనిపిస్తాయని మన శివాలయాలలో దానికి పూజార్హత కలిగింది. ఎర్రగా పూచే తురాయి మడగాస్కరు ద్వీపం నుండి వచ్చినది. పరదేశపు చెట్టు నాలుగు తరాలకు మన చెట్టే అయిపోయింది.

పెద్ద బూరుగు జాతి వృక్షం ఒకటి ఈ తోటకు పేరు తెచ్చిన వృద్ధులలో అగ్రగణ్యం. దాని మొదలు చుట్టూ వేళ్ళు గోడల వలె లేచి, కాండానికి ఆనుడు కట్టినట్లు నిలబడ్డాయి. ఎత్తైన గోడకు పక్కనుండి ఆనుడు గోడలు కట్టడం మన సివిల్ ఇంజనీర్లకు తెలిసిన ఉపాయమే. చెట్టు ఏ పుస్తకం చదవకుండానే తన బరువును, గాలి ఒత్తిడిని లెక్కించుకుని ఆ ఏర్పాటు చేసుకున్నది.

మా సివిల్ శాఖ మిత్రుడు ఒక నిద్రగన్నేరు కింద ఈ చివర నుండి ఆ చివర వరకు అడుగులతో కొలిచాడు. కొమ్మల వ్యాప్తి సుమారు 30 మీటర్లు తేలింది. అంటే దాని నీడ దాదాపు 700 చదరపు మీటర్లు. ఒక్క చెట్టు ఏ స్తంభమూ, ఏ పైకప్పు రేకూ లేకుండా ఒక చిన్న వర్కుషాపుకు సరిపడే నీడనిస్తున్నది. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్ళీ దానితో పని ఉంది.

క్రుంబీగెల్ తన అనుభవాన్ని తోట గోడల లోపలే ఉంచుకోలేదు. బెంగుళూరు వీధుల పొడవునా, ఒక జాతి పూత ముగిసే వేళకు మరొక జాతి పూతకు వచ్చేటట్లు చెట్లు నాటించాడు. ఏడాది పొడవునా ఏదో ఒక వీధి రంగు దాల్చి ఉండడం ఆ ప్రణాళిక ఫలితమే. ఒక చెట్టు ఎప్పుడు పూస్తుందో తెలుసుకుని, ఇరవై ఏళ్ళ తరువాతి వసంతాన్ని నేడే కాగితంపై గీయడమంటే సామాన్య ప్రణాళిక కాదు. ఆయన 1956లో బెంగుళూరులోనే కన్నుమూశాడు.

తోటమాలి మాట

చెరువు గట్టుకు దగ్గరలో ఒక వృద్ధ తోటమాలి చిన్న మొక్కకు పాదు చేస్తూ కనిపించాడు. మా మాటలు విని తెలుగులో పలకరించాడు.

"ఏ వూరు సార్ మీది?"

ఆయనది చింతామణి దగ్గర పల్లె. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మేము కర్మాగారంలో యంత్రాల నిర్వహణ చూసేవాళ్ళమని చెప్పగా, పార పక్కన పెట్టి నవ్వాడు.

"మీకేం సార్, యంత్రం చెడితే ఆపి రిపేరు చేసుకుంటారు. చెట్టును ఆపేకి కాదు."

ఆ మొక్క పక్కనే ఒక మహావృక్షం ఉన్నది. పైకి పచ్చగానే కనిపిస్తున్నా దాని కాండంలో ఒకవైపు తొర్ర పడింది. మొక్క ఆ చెట్టు జాతిదేనా అని మేము అడిగాము.

"అదే సార్. పెద్దది పడిపోయినాక నాటితే ఏం లాభం? ఇది పెద్దదయ్యేదాకా అది నిలబడల్ల. అందుకే ముందే నాటేది. నేను దీని నీడలో కూర్చునేది లేదు. కూర్చునేవాళ్ళు కూర్చుంటారు."

పుష్ప ప్రదర్శన గురించి అడిగినప్పుడు, జనవరిలో జనం చూసే పూలకు వానాకాలం పోకముందే పని మొదలవుతుందని, కుండీలు కడగడం, మట్టి జల్లించడం, ఎరువు కలపడం, నారు పోయడం అంతా ఒక వరుసలో జరగాలని వివరించాడు. పది రోజుల ప్రదర్శన వెనుక నెలల తయారీ ఉన్నదన్నమాట. మన షట్‌డౌన్ ప్రణాళికల వంటిదే ఈ వ్యవహారమూ. అయితే మాకు మిక్కిలి ఆలోచన కలిగించినది ఆ తొర్ర చెట్టు, దాని పక్కన చిన్న మొక్క. విరిగిన తరువాత కొత్తది తెప్పించడం ఒక పద్ధతి; విరగకముందే దాని వారసునికి స్థానం సిద్ధం చేయడం మరొక పద్ధతి. వనభాగం అడవిలా కనిపించినా దానిని అలా నిలుపుతున్నది ఈ రెండవ పద్ధతే.

మూడు వందల కోట్ల సంవత్సరాల శిల

మధ్యాహ్నానికి ప్రధాన ద్వారం సమీపంలోని శిలపైకి ఎక్కాము. దీనిని ద్వీపకల్ప నైస్ అంటారు. మైసూరు భూగర్భ శాఖకు చెందిన డబ్ల్యు.ఎఫ్. స్మీత్ 1916లో ఈ పేరు ప్రతిపాదించాడు. దక్కను పీఠభూమికి పునాది వంటి ఈ శిల వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. లేత, ముదురు రంగుల చారలు శిలపై అలలుగా సాగిపోతాయి. తోటలోనే మరొకచోట తమిళనాడులోని తిరువక్కరై నుండి తెచ్చిన, సుమారు రెండు కోట్ల సంవత్సరాల నాటి శిలాజ వృక్ష కాండం ఒకటి ఉంది. చేతితో తాకితే రాయి; కంటితో చూస్తే కొయ్య.

శిల శిఖరాన కెంపేగౌడ వంశీయుల పేర ప్రసిద్ధమైన చిన్న గోపురం ఉన్నది. 1537లో బెంగుళూరు నగరాన్ని నెలకొల్పిన ఆ వంశం నగరానికి నాలుగు దిక్కుల నాలుగు గోపురాలు నిలిపిందని, నగరం వాటిని దాటి పెరగరాదని భావించిందని చెబుతారు. నేడు ఆ గోపురం వద్ద నిలిచి చూస్తే ఎటు చూసినా కంటికి ఆనని దూరం వరకు భవనాలే. నగరం నాలుగు గోపురాలను ఏనాడో దాటిపోయింది. ఆ భవనాల సముద్రం నడుమ, మా పాదాల కింద పరచుకున్న పచ్చదనం ఒక ద్వీపం వలె కనిపించింది.

ఖాళీ స్థలమా?

ఆ శిఖరంపై కూర్చుని మేము చాలాసేపు చర్చించుకున్నాము. నగరం పెరుగుతున్నకొద్దీ తోట అంచులపై ఒత్తిడి తప్పదు. ఉద్యానాల రక్షణకు కర్ణాటకలో 1975లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. అయినప్పటికీ 2009లో మెట్రో మార్గం కోసం లాల్‌బాగ్ అంచున చెట్లు తొలగించవలసి వచ్చినప్పుడు పౌరులు ఆందోళన చేశారు. సొరంగ రహదారి పథకం కోసం తోట భూమిలో కొంత వాడుకోవాలన్న ప్రతిపాదన 2025లో వెలువడినప్పుడు మళ్ళీ గళమెత్తారు.

మేము రహదారులకు, రైళ్ళకు వ్యతిరేకులం కాము. ఆ ఉదయం మమ్మల్ని తోట వద్దకు చేర్చినది ఆ మెట్రోయే. లక్షలాది మంది సమయాన్ని, ఇంధనాన్ని ఆదా చేసే పనిని ఇంజనీర్లు తేలికగా తీసిపారవేయలేరు. అయితే లెక్క వేసేటప్పుడు రెండు వైపులా వేయాలన్నది మన వృత్తి ధర్మం. లేఅవుట్ పటాలపై చెట్లున్న చోటును ఖాళీ స్థలంగా చూపడం వాడుక. కట్టడం లేదు కనుక ఖాళీ అని, ఖాళీ కనుక చవక అని లెక్క సాగిపోతుంది.

ఒక చెట్టు కొట్టితే పది మొక్కలు నాటుతామన్న హామీని తరచు వింటాము. ఇందాకటి నిద్రగన్నేరును తీసుకుందాము. దాని నీడ 700 చదరపు మీటర్లు. కొత్తగా నాటిన మొక్క కొమ్మల వ్యాప్తి ఒక మీటరు అనుకుంటే దాని నీడ ఒక చదరపు మీటరుకన్న తక్కువే. పది మొక్కలూ కలిసి ఎనిమిది చదరపు మీటర్లు మించవు. అంటే పోయినదానిలో దాదాపు తొంభైవ వంతు మాత్రమే తిరిగి వస్తున్నది. మిగిలినది రావాలంటే పది మొక్కలూ దశాబ్దాలపాటు బతకాలి, వాటికి అన్నేళ్ళూ ఎవరో నీరు పోయాలి. వాననీరు సిమెంటు నేలపై పడితే కాలువపాలవుతుంది. రాలిన ఆకుల పరుపుపై పడితే మెల్లగా నేలలోకి ఇంకుతుంది. ఈ పని చేసే యంత్రాన్ని మనం కొనాలంటే దాని ధర ఎంతో ఏ టెండరులోనూ కనిపించదు.

లాల్‌బాగ్ రెండున్నర శతాబ్దాలకు పైబడి ఒక్కరోజు కూడా ఆగకుండా పనిచేస్తున్న స్థాపన. దానిని ఒకసారి విప్పివేస్తే మళ్ళీ కమిషన్ చేయడం ఎవరి తరమూ కాదు. విస్తరణ పటం గీసే ఏ ఇంజనీరైనా మొదటి గీతకు ముందు ఈ సంగతి ఆలోచించాలని మాకు బలంగా తోచింది.

మన హరితవలయం

పరాయి నగరపు తోటను మెచ్చుకుని ఊరుకుంటే ఈ యాత్ర విహారమే అవుతుంది. మన కర్మాగారం చుట్టూ, మన టౌన్‌షిప్ వీధులలో ఉన్న చెట్లను నిర్మాణ దశలో నాటారు. ఆనాడు ట్యాంకర్లతో నీరు తోలి, గొర్రెలు, మేకలు మేయకుండా కంచె వేసి వాటిని బతికించిన ఉద్యానశాఖ సిబ్బందిలో పలువురు పదవీ విరమణ చేశారు. వారితోపాటే ఏ చెట్టు ఏ జాతిదో, ఏ వీధి కింద ఏ పైపు ఉన్నదో తెలిసిన జ్ఞానం కూడా గేటు దాటి వెళ్ళిపోయింది. గత తుఫానులకు కూలిన చెట్ల స్థానాలు కొన్ని నేటికీ గుంటలుగానే ఉన్నాయి. ఈ వ్యాసం పంచుకుంటున్న ఏడుగురిలో నలుగురం రాబోయే మూడేళ్ళలో విశ్రాంత జీవితంలో అడుగుపెట్టబోతున్నాము. అప్పగించవలసిన చార్జిలో ఈ చెట్లు కూడా ఉన్నాయన్నది మా భావన.

అందుచేత సహోద్యోగుల ముందు, యాజమాన్యం ముందు మూడు సూచనలు ఉంచుతున్నాము.

మొదటిది: ప్రతి మోటారుకు, ప్రతి పంపుకు మనం నెంబరు ఇచ్చి, చరిత్ర పుస్తకం నిర్వహిస్తున్నాము. అదే విధంగా టౌన్‌షిప్‌లోని ప్రతి పెద్ద చెట్టుకూ ఒక నెంబరు, జాతి, సుమారు వయస్సు, ఆరోగ్య స్థితి తెలిపే పట్టిక ఉండాలి. పట్టికలో ఉన్నదానిని ఎవరూ ఖాళీ స్థలమని భావించరు.

రెండవది: తొర్ర పడిన, వంగిన చెట్లను ముందుగా గుర్తించి, అవి కూలకముందే తగిన దూరంలో వాటి వారసులను నాటాలి. లాల్‌బాగ్ తోటమాలి పాటిస్తున్నది ఈ సూత్రమే.

మూడవది: విరమణ చేయబోయే ఉద్యానశాఖ సిబ్బంది వద్ద కనీసం ఆరు నెలలు ఒక యువకుడు శిష్యరికం చేసే ఏర్పాటు కావాలి. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఒక సాయంత్రం సన్మాన సభలో శాలువా కప్పితే చేతులు మారదు.

మొదటి సూచనకు ఎవరి అనుమతీ అక్కరలేదు. తొలకరికి ముందే టౌన్‌షిప్ చెట్ల లెక్క ప్రారంభించాలని మేము నిశ్చయించుకున్నాము. ప్రతి ఆదివారం ఒక వీధి చొప్పున సాగుతాము. కొలిచే టేపు, రాసుకునే పుస్తకం ఉంటే చాలు. ఈ పనిలో కలిసివచ్చే సహోద్యోగులు, ముఖ్యంగా మన పిల్లలు, ఆదివారం ఉదయం ఆరు గంటలకు కమ్యూనిటీ హాలు ఎదుటనున్న రావిచెట్టు వద్దకు రావలసిందిగా కోరుతున్నాము. ఒకటవ నెంబరు దానికే ఇవ్వబోతున్నాము.